వీపు కింది చలి

అట్లాంటా నగరానికి ఉత్తరాన ఆల్ఫరెట్టా, కమ్మింగ్ ఊళ్ల నిండా మన తెలుగువాళ్లే. అక్కణ్ణుంచి 400 నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి ఓ గంట పోతే డలానెగా వస్తుంది. 1829 ప్రాంతంలో బంగారం దొరుకుతుందని జనం ఎగబడి వచ్చిన ఊరది. ఇప్పుడు ద్రాక్షతోటలూ, పాత ఇటుక కట్టడాలూ చూడటానికి వస్తున్నారు. ఆ ఊరు దాటాక 60వ నంబరు రోడ్డు మెలికలు తిరుగుతూ అడవిలోకి ఎక్కుతుంది. మూడు వేల అడుగుల ఎత్తు దాటిన తర్వాత ఉడీ గ్యాప్ అనే కనుమలో ఒక కాలిబాట రోడ్డును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. చెట్టు కాండం మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న తెల్లరంగు పట్టీ కనిపిస్తుంది. అదే అపలాచియన్ ట్రెయిల్ గుర్తు. ఆ పట్టీలు చూసుకుంటూ ఉత్తరం వైపు నడుస్తూ పోతే 14 రాష్ట్రాలు దాటి మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద తేలతాం. బాట మొత్తం సుమారు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మకాయ్ అనే అటవీ నిపుణుడు 1921లో ఈ దారిని ఊహించి రాశాడు. 1937కల్లా బాట ఆ కొస నుంచి ఈ కొసకు కలిసిపోయింది.

బావా నేనూ నడవదలచుకున్నది అందులో చిన్న ముక్క, ఉడీ గ్యాప్ నుంచి నీల్ గ్యాప్ దాకా. పదకొండు మైళ్లుంటుంది. ఓపికున్నవాళ్లు పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు ముగిస్తారు. మేం మాత్రం మధ్యలో లాన్స్ క్రీక్ దగ్గర రాత్రికి ఆగాలనుకున్నాం. అసలు మాకు నడకకన్నా ఆ రాత్రి మీదే మోజు. నవంబరు చలిలో, రెండు చెట్ల మధ్య కట్టిన హ్యామక్‌లో, వీపు కింద ఒక ఫోమ్ చాప మాత్రమే వేసుకుని హాయిగా నిద్రపోవచ్చని బావ చాలాకాలంగా చెబుతున్నాడు. హ్యామక్ మీద పడుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ మాట ఒప్పుకోరు. అడుగున బయటివైపు వేలాడదీసే ఈకల బొంత, వాళ్లు అండర్‌క్విల్ట్ అనేది, లేకపోతే చలికాలం హ్యామక్ జోలికే పోవద్దంటారు. మంచిదైతే దాని ధర రెండు వందల డాలర్ల పైమాటే. ఫోమ్ చాప ఇరవై డాలర్లకూ దొరుకుతుంది, యాభైకీ దొరుకుతుంది.

ఉడీ గ్యాప్ నుంచి మైలు దూరం ఎక్కితే ప్రీచర్స్ రాక్ అనే బండ వస్తుంది. దాని మీద నిలబడితే దక్షిణానికి కొండలు వరసలు వరసలుగా దిగిపోతూ కనిపిస్తాయి. ఓక్ ఆకులు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి. హికరీ చెట్లు మాత్రం ఇంకా పచ్చటి పసుపుతో వెలుగుతున్నాయి. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. కూర్చోవడానికి వేసుకున్నది కూడా ఆ ఫోమ్ చాపే. నవంబరు బండ ఎంత చల్లగా ఉంటుందో, దాని మీద ముప్పాతిక అంగుళం మందం ఉన్న చాప పరిస్తే ఒళ్లు ఎంత తొందరగా వెచ్చబడుతుందో ఆ పూటే తెలిసింది.

ఈ చాప గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫోమ్ అనగానే మనకు సోఫాలోని స్పాంజి గుర్తొస్తుంది. ఇది ఆ జాతి కాదు. స్పాంజిలో గదులన్నీ ఒకదానిలోంచి ఒకదానిలోకి తెరుచుకుని ఉంటాయి కాబట్టి గాలీ నీళ్లూ అటూ ఇటూ తిరుగుతాయి. ఈ చాపలో ప్రతి బుడగా మూసుకుపోయి ఉంటుంది. లోపలి గాలి కదలదు. వేడిని అడ్డుకునే పని చేసేది నిజానికి ఆ కదలని గాలే. ఫోమ్ దాన్ని పట్టి ఉంచుతుందంతే. వానలో తడిసినా నీళ్లు పీల్చదు, ముల్లు గుచ్చుకున్నా గాలి దిగిపోదు. మనిషి బరువు పడినప్పుడు కాస్త నొక్కుకుంటుంది కానీ పూర్తిగా అణగదు. మడిచి పెట్టుకునే రకం, కోడిగుడ్ల అట్టలా గుంతలున్నది, 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. వేడిని ఎంత నిలబెడుతుందో చెప్పడానికి ఆర్-వాల్యూ అనే కొలత ఉంది. ఇలాంటి చాపకు అది సుమారు 2 ఉంటుంది. రెండు చాపలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ విలువలు కూడుకుంటాయి, 4 అవుతుంది. మేం చెరో రెండు తీసుకెళ్లింది అందుకే. బ్యాగు బయట కట్టేస్తే చూడటానికి పెద్ద మూటలా ఉంటుంది కానీ బరువు ఏమంత లేదు.

హ్యామక్ పుట్టింది చలిప్రదేశంలో కాదు. కరీబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికా అడవుల్లో జనం నేల తేమకూ పురుగుకూ దూరంగా పడుకోవడానికి కట్టుకున్న పడక అది. 1492లో కొలంబస్ మనుషులు దాన్ని మొదటిసారి చూశారు. వేడి ప్రాంతంలో వీపు కింద గాలి ఆడటమే దాని సుఖం. ఆ సుఖమే కొండమీదికొచ్చేసరికి కష్టమైపోతుంది. అమెజాన్ అడవుల్లోని యానోమామి ప్రజలు హ్యామక్‌లు పొయ్యి చుట్టూ కట్టుకుని, రాత్రంతా నిప్పు ఆరకుండా చూసుకుంటారు. అంత వేడి దేశంలో కూడా తెల్లవారుజామున వీపుకు వెచ్చదనం కావాల్సి వస్తుందన్నమాట. ఇంగ్లండ్ నౌకాదళం 16వ శతాబ్దం చివరికి హ్యామక్‌ను ఓడల్లోకి తెచ్చింది. ఒక్కో నావికుడికి 14 అంగుళాల వెడల్పు చోటిచ్చి వరసగా వేలాడదీసేవారు. ఆ హ్యామక్ లోపల ఒక పల్చటి పరుపు ఉండేది. హ్యామక్‌లో చాప వేసుకోవడం ఈనాటి కొత్త ఆలోచనేం కాదు, నావికులు తరాల తరబడి అలాగే పడుకున్నారు.

మన ఇళ్లలో దూలానికి చీర ఉయ్యాల కట్టేటప్పుడు అమ్మమ్మలు చేసేదీ ఇదే. పసిబిడ్డను వేసేముందు అడుగున పాత చీరల బొంత మడిచి పరిచేవారు, పైన కప్పడం తర్వాత సంగతి. ఉయ్యాలలో చలి కిందినుంచే వస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నేలమీద టెంటులో పడుకున్నప్పుడు మన వేడి మట్టిలోకి మెల్లగా ఇంకుతుంది. హ్యామక్‌లో అలా కాదు, అడుగున గాలి తగులుతూనే ఉంటుంది. గుడ్డ కింద వెచ్చబడిన గాలిని తోసేసి కొత్త చల్లగాలి వచ్చి చేరుతుంది. ఆ మార్పిడి రాత్రంతా ఆగదు. స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా దాని వీపు భాగంలోని ఈకలు మన బరువుకు నలిగి పల్చబడిపోతాయి. నలిగిన ఈకల మధ్య గాలి నిలవదు, గాలి లేనిచోట వెచ్చదనమూ ఉండదు. బయట 20 డిగ్రీలున్నా హ్యామక్‌లో వీపు చల్లబడటానికి కారణం ఇదే. విశాఖలో డిసెంబరు రాత్రి డాబా మీద హ్యామక్ కట్టి చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

లాన్స్ క్రీక్ చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్న వాగు, పక్కన వాలులో అటవీశాఖవాళ్లు చదును చేసి ఉంచిన టెంటు చోట్లు. చెట్టు ఎంచుకోవడానికి బావ చాలాసేపు తీసుకున్నాడు. ముందు తలెత్తి చూస్తాడు, తర్వాతే కాండం వైపు చూస్తాడు. ఈ అడవుల్లో హెమ్లాక్ చెట్లు ఒక చిన్న పురుగు పట్టి చాలావరకు చచ్చిపోయాయి. నిలువునా ఎండి నిలబడి ఉంటాయి, గాలికి కొమ్మ ఎప్పుడు ఊడి పడుతుందో చెప్పలేం. మాకు దొరికినవి రెండు ఓక్‌లు, బలమైనవి, మధ్య ఐదు గజాల దూరం. తాడుతో కడితే బెరడు కోసుకుపోతుందని వెడల్పాటి పట్టీలే వాడాలి. పట్టీ చెట్టు నుంచి హ్యామక్ దాకా సుమారు 30 డిగ్రీల వాలులో రావాలి. మరీ బిగించి కడితే మనిషి పడవలో ఇరుక్కున్నట్టే ఉంటుంది. కొంచెం వదులుగా వేలాడదీసి, అందులో ఏటవాలుగా, తల ఒక మూలకూ కాళ్లు ఎదుటి మూలకూ పెట్టి పడుకుంటే నడుము దాదాపు సమంగా వస్తుంది. హ్యామక్‌లో నడుం నొప్పి అనేవాళ్లు చాలావరకు నిలువుగా పడుకునేవాళ్లే.

చాప వేయడంలోనే అసలు పనితనం ఉంది. ఒంటిపొర హ్యామక్‌లో చాప పరిచి ఎక్కితే, పక్కకు తిరిగిన ప్రతిసారీ అది జారిపోతుంది. నిద్రమత్తులో వీపు కింద వెతుక్కుంటూ తెల్లవారుతుంది. రెండు పొరల హ్యామక్ అయితే ఆ పొరల మధ్యకు చాపను తోసేయొచ్చు, ఇక కదలదు. మావి రెండు పొరలవే. చాపను కూడా ఏటవాలుగానే, మనం పడుకునే గీత వెంట పెట్టాలి. చాలామంది నిలువుగా పెట్టి, ఏటవాలుగా పడుకుని, భుజమూ మడమా చాప దాటిపోయాక ఫోమ్ పనిచేయలేదంటారు. బావ చాప నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉంచాడు. చదరపు మూలలు గుడ్డను పొడిచి ముడతలు తెస్తాయట.

"భుజాల సంగతేంటి బావా?" అని అడిగాను. చాప వెడల్పు 20 అంగుళాలే. నేలమీద అది చాలు. హ్యామక్‌లో గుడ్డ రెండు పక్కలా పైకి లేచి భుజాలను హత్తుకుంటుంది, అక్కడ చాప ఉండదు.

బావ తన బ్యాగులోంచి మరో ఫోమ్ ముక్క తీశాడు. పాత నీలం చాపను రెండడుగులకు పైగా కోసి ఉంచిన ముక్క. దాన్ని భుజాలకింద అడ్డంగా వేసి, పెద్ద చాపను దానిమీద నిలువుగా వేశాడు. పైనుంచి చూస్తే ఇంగ్లిషు టీ అక్షరంలా ఉంది. "పగలు కూర్చోవడానికి ఇదే, రాత్రి భుజాలకు ఇదే. ఎక్కి చూడు" అన్నాడు. ఎక్కాను. అడ్డముక్క రెండు కొసలూ గుడ్డతోపాటు పైకి వంగి భుజాలను పొదువుకున్నాయి. ఇలా రెక్కల్లా అమర్చే సంచులు దుకాణాల్లో అమ్ముతారు కూడా. కానీ కోసుకున్న ముక్క వాటికేమీ తీసిపోలేదు.

చీకటి పడుతుండగా ఒక కుర్రాడు వచ్చాడు. ఫ్లోరిడా నుంచి ఒక్కడే వచ్చానన్నాడు. మాకు కొంచెం దూరంలో హ్యామక్ కట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున ఏళ్లుగా అందులోనే పడుకుంటున్నాడట. స్లీపింగ్ బ్యాగు మంచిది, ఈకలది, గడ్డకట్టే చలికి సరిపోతుందని దానిమీద రాసి ఉంది. అడుగున వేసుకోవడానికి మాత్రం ఏమీ లేదు. బావ ఆ మాట కదిపితే నవ్వి, ఇది చాలన్నాడు. పెద్దవాళ్లం కదా అని గట్టిగా చెప్పలేం, కొత్త మనిషి.

ఎలుగుబంట్ల భయం ఉన్న చోటు కాబట్టి తిండి సామానంతా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పడుకునే చోటికి దూరంగా వదిలి వచ్చాం. రాత్రికి నాలుగు డిగ్రీలకు దిగుతుందని వాతావరణ సూచనలో చెప్పారు. కొండమీద ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల దాకా చల్లబడుతుందన్నది మామూలు లెక్క. అట్లాంటాలో స్వెట్టరు చాలే రోజున ఇక్కడ టోపీ, మేజోళ్లు కావాలి.

ఫోమ్ మీద నిద్ర ఎలా ఉందంటే, మొదటి అరగంట కాస్త గట్టిగా అనిపించింది. ఈకల బొంత మీద పడుకున్నప్పటి మెత్తదనం దీనికి లేదు, లేనిది ఉందని చెప్పడం న్యాయం కాదు. ఆ తర్వాత వీపు వెచ్చబడింది. ఒళ్లంతా సమంగా వెచ్చగా ఉందని గమనించేలోపే నిద్ర పట్టేసింది. అర్ధరాత్రి లోయలోంచి గాలి లేచింది. పైన కట్టిన టార్పాలిన్ రెపరెపలాడింది. చెంపకు చలి తగిలింది కానీ వీపుకు తగల్లేదు. మెలకువ వచ్చినప్పుడు చెయ్యి కిందికి చాచి హ్యామక్ బయటి పొరను ముట్టుకున్నాను, మంచులా ఉంది. ఆ పొరకూ నా వీపుకూ మధ్య ఉన్నదల్లా అంగుళంన్నర ఫోమ్.

ఆ వేళకే కుర్రాడి వైపు టార్చిలైటు వెలిగింది. లేచి అటూ ఇటూ నడుస్తున్నాడు, చేతులు రుద్దుకుంటున్నాడు. బావ ఏమీ మాట్లాడకుండా హ్యామక్ దిగి, తన రెండు చాపల్లో ఒకటి తీసుకెళ్లి ఇచ్చాడు. కుర్రాడిది ఒంటిపొర హ్యామక్. చాప జారకుండా ఉండాలంటే దాన్ని స్లీపింగ్ బ్యాగు లోపలే దూర్చి, దానిమీద పడుకోమని చెప్పాడు. బ్యాగు కాస్త ఇరుకవుతుంది, కానీ చాప మనిషితోపాటే తిరుగుతుంది. పొద్దున కాఫీ దగ్గర ఆ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, బ్యాగుమీద రాసిన అంకె అబద్ధమా అని. అబద్ధం కాదు. స్లీపింగ్ బ్యాగులకు ఆ అంకె ఇచ్చే పరీక్షలో, వేడిచేసిన బొమ్మను బ్యాగులో పెట్టి, కింద చాప పరిచే పడుకోబెడతారు. కాబట్టి ఆ అంకె బ్యాగు ఒక్కదానిది కాదు, బ్యాగూ చాపా కలిపి చెప్పేది. ఈ సంగతి బ్యాగుమీదే పెద్ద అక్షరాలతో రాయాలని నాకు గట్టిగా అనిపించింది. చలిలో వణికేవాళ్లలో చాలామంది ఇది తెలియకే వణుకుతున్నారు.

పొద్దున నా చొక్కా వీపు కొంచెం చెమ్మగిల్లి ఉంది. ఫోమ్‌కున్న పెద్ద లోపం ఇదే. గాలి చొరబడని వస్తువు చెమటనూ పోనివ్వదు. ఉన్ని బనీను వేసుకుంటే చెమ్మ ఒంటికి అంటదు, గుంతలున్న చాపలో కొంత నయం. ఈకల బొంతకు ఈ బాధ లేదు. కానీ దానికి వేరే బాధలున్నాయి. హ్యామక్ అడుగుకు అది ఆనీ ఆననట్టు ఉండాలి. వదులైతే సందులోంచి గాలి దూరుతుంది, బిగుతైతే ఈకలు నలుగుతాయి. ఆ తాళ్లు సరిచేసుకోవడం చీకట్లో, చలిలో, కొత్తవాళ్లకు అయ్యే పని కాదు.

లాన్స్ క్రీక్ దాటాక జారర్డ్ గ్యాప్, ఆపైన ఎక్కుడే ఎక్కుడు. జార్జియాలో ఈ బాట మొత్తంలో ఎత్తైనది బ్లడ్ మౌంటెన్, 4,458 అడుగులు. పైన రాతి గుడిసె ఒకటి ఉంది. 1930లలో ఆర్థిక మాంద్యం కాలంలో పనిలేని కుర్రాళ్లకు పని కల్పించడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ వాళ్లు కట్టింది. గోడలన్నీ రాయే. అందులో పడుకునేవాళ్లకూ చాప లేకపోతే గతి లేదు, చలికాలంలో చల్లటి నేల ఒంటి వేడిని ఊరికే పీల్చేస్తుంది.

ఆ బండలమీద కూర్చుని బావ ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పాడు. ఒహాయో పల్లెటూరి మనిషి. పదకొండుమంది పిల్లల్ని కన్న తల్లి. 1955లో, 67వ ఏట, ఒంటరిగా ఈ దారంతా ఒక్క ఊపులో నడిచేసింది. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. భుజాన చేత్తో కుట్టుకున్న ఒక సంచి, అందులో ఒక దుప్పటి, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర, కాళ్లకు గుడ్డ బూట్లు. రాత్రి ఆకులు పోగుచేసి వాటిమీద పడుకునేది. మరీ చలిగా ఉంటే బల్లపరుపు రాళ్లను నిప్పుదగ్గర వేడిచేసి వాటిమీద ఒళ్లు వాల్చేది. పైన కప్పుకోవడానికి ఆమె దగ్గర ఎక్కువేమీ లేదు, కిందివైపు చూసుకుంది. ఎండుటాకుల కుప్ప చేసే పనీ ఫోమ్ చేసే పనీ ఒకటే, గాలిని కదలనివ్వకపోవడం. ఆవిడను తలచుకుంటే నాకు గౌరవంతో గొంతు పూడుకుపోయింది.

దిగువకు రెండున్నర మైళ్లు మోకాళ్లు పట్టేసే దిగుడు. నీల్ గ్యాప్‌లో కోర్ వాళ్లే కట్టిన రాతి కట్టడం ఉంది. బాట ఆ కట్టడం మధ్యలోంచే పోతుంది. ఇప్పుడక్కడ నడిచేవాళ్ల సామాన్ల కొట్టు నడుస్తోంది. మేం వెళ్లినప్పుడు ముందున్న చెట్టు నిండా బూట్లు వేలాడుతున్నాయి. మెయిన్ దాకా పోదామని బాట దక్షిణపు కొసన మొదలుపెట్టి, మొదటి 31 మైళ్లకే విరమించుకున్నవాళ్లు వదిలేసినవి వాటిలో చాలా ఉన్నాయన్నారు. కొట్టులోవాళ్లు అడిగినవాళ్ల బ్యాగు విప్పించి, అక్కర్లేని బరువు తీయిస్తారు. మా ముందు ఒకావిడ బ్యాగులోంచి గొడ్డలి, ఇనప పెనం బయటికొచ్చాయి. ఫోమ్ చాపను మాత్రం తీసేయమనలేదు.

కుర్రాడు మా వెనకాలే దిగాడు. చాప తిరిగి ఇవ్వబోతే బావ వద్దని, నీల్ గ్యాప్ తర్వాత కూడా రాత్రులున్నాయి కదా, ఉంచుకోమన్నాడు.

కారెక్కాక విశాఖ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. డిసెంబరులో స్నేహితులతో, చలికి పేరుపడ్డ లంబసింగి పోతున్నాడట, హ్యామక్‌లు కొన్నారట. "మామయ్యా, మందపాటి దుప్పట్లు రెండు పట్టుకెళ్తే చాలా?" అని అడిగాడు.

"దుప్పటి ఒకటి చాలు. ఫ్రిజ్‌కి, టీవీకి చుట్టే తెల్ల ఫోమ్ షీటు ఉంటుంది చూడు, ప్యాకింగ్ సామాన్లు అమ్మేచోట మీటర్ల లెక్కన ఇస్తారు. పది మిల్లీమీటర్లది తీసుకో. రెండు మడతలు వెయ్యి. భుజాలకింద ఇంకో ముక్క అడ్డంగా" అన్నాడు బావ.

"అక్కడ సరైన చెట్లు దొరక్కపోతేనో?"

"అదే చాప నేలమీద పరుచుకుని పడుకోండి. వేరే ఏమీ కొనక్కర్లేదు" అన్నాడు బావ, డలానెగా వైపు కారు తిప్పుతూ.